అత్తకు మీసాలు మొలిస్తే...

"అత్తకు మీసాలు మొలిస్తే మామ అంటారు" అని మన పెద్దవాళ్ళు వేళాకోళానికి అన్నారో, అత్తల మీద అక్కసుకొద్దీ అన్నారోగానీ, ఆ సామెత విని అర్థంకాక బిక్కమొహం వేసిన తెలుగుపిల్లని ఇంతవరకూ నేను చూడలేదు. మీసాలు మొలవవు. మొలవవు కాబట్టి అత్త మామా కాదు. మాటవరసకి అనుకుంటున్నాం, అంతే! ఈ కిటుకు అయిదేళ్ళ పిల్లకి కూడా ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది.

అదే పిల్ల హైస్కూలుకి వచ్చి, ఇంగ్లీషు పీరియడ్‌లో "ఇఫ్" అనే బెత్తెడు మాట ఎదురయ్యేసరికి గుడ్లు తేలేస్తుంది. ఇఫ్ క్లాజు, మెయిన్ క్లాజు, టైప్ వన్, టైప్ టూ, టైప్ త్రీ అని ఒక పట్టిక బోర్డు మీదికి ఎక్కుతుంది. పిల్ల దాన్ని నోట్సులోకి దింపుకుంటుంది, బట్టీ పడుతుంది, పరీక్షలో కక్కుతుంది, సెలవుల్లో మరిచిపోతుంది. పదేళ్ళు పోయాక ఉద్యోగం కోసం వెళ్ళి "ఇఫ్ యు విల్ గివ్ మీ ద జాబ్..." అని మొదలుపెట్టి, ఎదుటివాళ్ళ మొహాలు చూసి నాలిక కరుచుకుంటుంది. "మా అమ్మాయికి ఇంగ్లీషు గ్రామర్ వీకండీ" అని తల్లి పదిమందిలో తలొంచుకుంటుంది.

వీకూ లేదు, పాడూ లేదు! పుట్టిన దగ్గర్నుంచీ తెలిసిన విద్యని తెలియని విద్య అని నమ్మించి, కొత్తగా నేర్పినట్టు నటించే చదువు మనది. నా తగువంతా దానితోనే.

అసలు సంగతి చూడండి. మన బళ్ళల్లో తెలుగు పీరియడ్‌లో "చేదర్థకం" అని ఒక పాఠం ఉంది. పేరు చూసి బెదరకండి. సంస్కృతంలో "చేత్" అంటే "అయితే" అని. ఇది జరిగితే అది జరుగుతుంది అని షరతు పెట్టి చెప్పే వాక్యం చేదర్థక వాక్యం. "వర్షాలు కురిస్తే పంటలు పండుతాయి" అని తెలుగు మాష్టారు ఉదాహరణ చెబుతారు. గంట కొడతారు. ఇంగ్లీషు టీచరుగారు వస్తారు. "టుడే వియ్ షల్ లెర్న్ కండిషనల్ సెంటెన్సెస్" అంటారు. అదే గది, అదే బల్ల, అదే పిల్ల. ఇందాక చెప్పిందీ ఇప్పుడు చెబుతున్నదీ ఒకటేనమ్మా అని ఇద్దరిలో ఒక్కరూ అనరు! వియ్యంకుళ్ళు మాటలు మానేసిన పెళ్ళింట్లో పిల్ల ఇబ్బంది పడ్డట్టు, ఈ రెండు వ్యాకరణాల మధ్యా ఆ పిల్ల నలిగిపోతుంది.

ఒక ఉప్పాడ చీర దుకాణంలో వేలాడుతోందనుకోండి. మనం ఏమంటాం? "డబ్బుంటే ఆ చీర కొంటాను" అంటే ఆశ ఉంది, ఇంటికెళ్ళి డబ్బాల అడుగున వెతకాలి. "డబ్బుంటే ఆ చీర కొనేదాన్ని" అంటే డబ్బు లేదు, చీర రాదు, నిట్టూర్పు మాత్రం ఉంది. "ఆవేళ డబ్బు ఉండి ఉంటే ఆ చీర కొని ఉండేదాన్ని" అంటే ఆ చీర ఈపాటికి ఎవరో కట్టేసుకున్నారు. ఇవేనండీ టైప్ వన్, టైప్ టూ, టైప్ త్రీ! ఏ దొరా చెప్పకుండానే మన ఆడవాళ్ళు చీరల దుకాణం గుమ్మంలో నిలబడి మూడు రకాలూ అప్పచెప్పగలరు.

అలాగని రెండు భాషలూ అచ్చు గుద్దినట్టు ఒకటేనని నేననను. తేడాలున్నాయి. ఆ తేడాలున్న చోటే పిల్ల తడబడుతుంది. అవి ఎక్కడున్నాయో చూపించాలంటే ముందు తెలుగు ఎలా నడుస్తుందో చెప్పాలి కదా!

మన "తే" చాలా గడుసుది. దానికి కాలం లేదు. "రేపు వెళితే కనిపిస్తాడు" అంటాం, "నిన్న వెళితే కనిపించలేదు" అంటాం. రెండు చోట్లా "వెళితే" ఒకటే. దానికి ఆడా మగా లేదు, ఒకరూ పదిమందీ లేదు. నేను వెళితే, నువ్వు వెళితే, ఆవిడ వెళితే, వాళ్ళు వెళితే. కథంతా వాక్యం చివర తేలుతుంది. చివర "కొంటాను" ఉందా, "కొనేదాన్ని" ఉందా అన్నదాన్ని బట్టి జరిగేదో, జరగనిదో తెలుస్తుంది. తెలుగువాడి మాట చివరిదాకా వినాలనడం ఊరికే కాదు!

ఇంగ్లీషువాడు అలా కాదు. వాడు వాక్యం రెండు ముక్కల్లోనూ క్రియని సవరిస్తాడు. "ఇఫ్ ఐ హావ్ మనీ, ఐ విల్ బై", "ఇఫ్ ఐ హాడ్ మనీ, ఐ వుడ్ బై", "ఇఫ్ ఐ హాడ్ హాడ్ మనీ, ఐ వుడ్ హావ్ బాట్". మన పిల్ల "ఇఫ్ హి విల్ కమ్" అని ఎందుకంటుందో ఇప్పుడు చూడండి. "వస్తే" అన్నది రేపటి మాట కదా, రేపటికి "విల్" పెట్టాలి కదా అనుకుంటుంది. ఆ పిల్లని తిట్టడం కాదు, ఒక్క ప్రశ్న అడగాలి. "వస్తే అన్న మాటలో వస్తాడు అని ఉందా తల్లీ?" లేదు. "మరైతే నువ్వు అక్కడ విల్ ఎందుకు పెట్టావు? తెలుగులో లేదు, ఇంగ్లీషులోనూ పెట్టరు. రెండూ రెండో ముక్కలోనే పెట్టుకుంటాయి." ఇంతే పాఠం. అరనిమిషం పట్టింది.

ఇంకో చిక్కు "హాడ్". "ఇఫ్ ఐ హాడ్ మనీ" అంటే ఇప్పటి సంగతే. మరి నిన్నటి మాట "హాడ్" ఎందుకొచ్చింది? పిల్లకి ఇక్కడ మతిపోతుంది. పట్టిక జవాబు చెప్పదు, అమ్మభాష చెబుతుంది. "చిన్నప్పుడు రోజూ గోదావరికి వెళ్ళేదాన్ని" అంటాం. అది గడిచిపోయిన అలవాటు. "కారుంటే నేనూ వెళ్ళేదాన్ని" అంటాం. అది జరగనిది. రెండు చోట్లా అదే "వెళ్ళేదాన్ని"! ఇంగ్లీషులో "వుడ్" చేసే పని కూడా ఇదే. పాత అలవాటుకీ అదే, లేనిపోని ఊహకీ అదే. ఏడు సముద్రాల అవతల పుట్టిన భాషా, గోదావరి ఒడ్డున పెరిగిన భాషా ఒకే యుక్తి పన్నాయి. లేనిదాన్ని చెప్పాలంటే ఒక అడుగు గతంలోకి వేసి నిలబడి చెప్పాలి. ఇంత అందమైన సంగతిని దాచిపెట్టి పిల్లల చేత పట్టిక బట్టీ పట్టిస్తున్నారంటే నాకు ఒళ్ళు మండుతుంది.

నిజంగా తేడా ఉన్న చోటు మరొకటుంది. "తెల్లారితే పెళ్ళి" అంటాం మనం. తెల్లారడం ఖాయం. దాన్ని ఇంగ్లీషులోకి "ఇఫ్" అని దించారో, తెల్లారుతుందో లేదో అన్న అనుమానం మగపెళ్ళివారికి పట్టుకుంటుంది! అక్కడ "వెన్" కావాలి. మన "తే" ఖాయమైన దానికీ, అనుమానమైన దానికీ ఒక్కటే గొడుగు. ఇంగ్లీషుకి రెండు గొడుగులు. టీచరుగారు పీరియడ్ అంతా ఖర్చుపెట్టవలసింది ఇక్కడ. తెలిసినదాన్ని తెలిసిందని చెప్పి పక్కన పెడితేనే తెలియనిదానికి సమయం మిగులుతుంది.

ఇక ఇంటి సంగతి. మా చెల్లెలి కూతురు ఏడో తరగతి. ఆమధ్య బడిలో తల్లిదండ్రుల్ని పిలిస్తే చెల్లెలికి తోడు నేనూ వెళ్ళాను. బడి పేరెందుకు లెండి, ఏ ఊళ్ళోనైనా అలాంటిదొకటి ఉంటుంది. "పాపకి గ్రామర్ రావట్లేదు మేడమ్. మీరు ఇంట్లో తెలుగు తగ్గించాలి" అంది టీచరమ్మ. "అలాగేనండి" అంది మా చెల్లెలు, డాక్టరు ఉప్పు తగ్గించమన్నంత భయంగా.

తగ్గించింది. నెల్లాళ్ళు ఆ ఇంట్లో నేను విన్న ఇంగ్లీషు ఇది: "కమ్. ఈట్. ఫాస్ట్ ఫాస్ట్. డోంట్ టచ్. గో." పోలీసుస్టేషనుకి ఇంతకన్నా ఎక్కువ భాష అక్కర్లేదు! అదే తల్లి తెలుగులో ఎలా మాట్లాడేది? "ఎనిమిదింటికల్లా చదువు ముగిస్తే నువ్వేసిన బొమ్మ చూస్తాను." "ఇప్పుడు పడుకోకపోతే పొద్దున్న బస్సు పోతుంది." "మీ తాతగారే ఉండి ఉంటే నిన్ను చూసి ఎంత మురిసిపోయేవారో!" ఒక్క సాయంత్రంలో మూడు రకాల చేదర్థకాలు. బేరం, హెచ్చరిక, బెంగ. బడి చెప్పిన సలహాతో ఆ పిల్లకి షరతు వాక్యం ఇంగ్లీషులో రాలేదు సరికదా, తెలుగులో వినబడటం కూడా మానేసింది. మిగిలినవి ఆజ్ఞలు.

"పెద్దమ్మా, అమ్మకి నామీద కోపమొచ్చిందా?" అని అడిగింది ఆ పిల్ల నన్ను. ఆ ప్రశ్నకి ఏ గ్రామరు పుస్తకంలో జవాబుంది?

తనకొచ్చిన భాషలో బిడ్డకి లోకం చెప్పగలిగిన తల్లిని, తనకు రాని భాషలో బంట్రోతుని చేసే హక్కు ఎవరిచ్చారు? ఫీజు కట్టించుకుని, పైగా ఇంట్లో నోరుమూసుకోమనడమా? ఈ ధోరణి ముదిరితే ఏమవుతుందో కూడా చూశాం. 2009లో కడప జిల్లా మైదుకూరులో ఒక బడిలో తెలుగు మాట్లాడినందుకు చిన్నపిల్లల మెడలో ఇక తెలుగు మాట్లాడనని రాసిన పలకలు వేలాడదీశారు. అమ్మ నేర్పిన మాటలు మెడకి గుదిబండలయ్యాయి.

"తెలుగులో చెబితే పిల్లలు తెలుగులోనే ఆలోచించి ఇంగ్లీషులోకి మార్చుకుంటారండీ, అలవాటైపోతుంది" అంటారు కొందరు. మీరు చెప్పకపోయినా అదే చేస్తున్నారు మహాప్రభో! ఆ "విల్" ఎక్కణ్ణుంచి వచ్చిందనుకున్నారు? పిల్ల లోలోపల, దొంగచాటుగా, ఒంటరిగా చేసుకున్న తర్జుమాలోంచి వచ్చింది. తెలుగుని తరగతిలోకి రానివ్వాలా వద్దా అన్నది మీ చేతిలో లేదు. అది పిల్లతోపాటే వస్తుంది. వెలుగులో కూర్చోబెడతారా, చీకట్లో నక్కనిస్తారా అన్నదే మీ చేతిలో ఉంది.

"వినగా వినగా అదే వస్తుంది" అంటారు ఇంకొందరు. వస్తుంది, పొద్దున్న లేచింది మొదలు పడుకునేదాకా చుట్టూ ఇంగ్లీషే వినబడితే. రోజుకో పీరియడ్ వింటే రాదు. 1930ల్లో వచ్చి ఈనాటికీ మన ఇళ్ళల్లో కనిపించే రెన్, మార్టిన్‌ల వ్యాకరణం మొదట ప్రధానంగా ఈ దేశంలో ఉన్న బ్రిటిష్ అధికారుల పిల్లల కోసం రాసింది. ఆ పిల్లలకి ఇంగ్లీషు అమ్మభాష. వాళ్ళకి నియమం చెబితే చాలు, వాక్యం ముందే నోట్లో ఉంది. మన పిల్లకి వాక్యం నోట్లో ఉంది, కానీ తెలుగులో ఉంది. ఆ తేడా గమనించకుండా వాళ్ళ చొక్కా మన పిల్లకి తొడిగి, "నీ చేతులే పొట్టి" అంటున్నాం.

మిగతా దేశాలవాళ్ళు ఇంత అమాయకులు కారు. స్పానిష్ భాషలో జరగనిదాన్ని చెప్పడానికి క్రియకి ప్రత్యేకమైన రూపమే ఉంది. స్పానిష్ పిల్లలకి ఇంగ్లీషు నేర్పడానికి రాసిన పుస్తకాల్లో ఆ రూపాన్ని పక్కనే పెట్టి, మీరు ఇలా అనే చోట ఇంగ్లీషులో అలా అంటారని పోల్చి చెప్పడం మామూలు. అమ్మభాష వాళ్ళకి మెట్టు. మనకి మాత్రం మైల!

ఉదాహరణలకైనా మనకేం కరువు? గైడుల్లో చూడండి: నేను పక్షినైతే, నేను రాజునైతే, మంచు కురిస్తే! గోదావరి జిల్లాల్లో మంచు ఎప్పుడు కురిసిందమ్మా? ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అయితే రెండోది, 17.75 అయితే మూడోది. వరదల రోజుల్లో లంక గ్రామాల పిల్లలు ఈ అంకెల్ని లెక్కల పుస్తకంకన్నా శ్రద్ధగా వింటారు. మూడోది ఎగరేస్తే సామాన్లు అటకెక్కాలి, గొడ్లని గట్టుమీదికి తోలాలి. అది టైప్ వన్. 1986 ఆగస్టు వరద చూసినవాళ్ళని అడగండి, "ఆ రాత్రి పడవ రాకపోయి ఉంటే..." అని మొదలుపెట్టి వాక్యం ముగించలేక ఆగిపోతారు. అది టైప్ త్రీ. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి ఆనకట్ట పూర్తి చెయ్యకపోయి ఉంటే మన సార్వా ఎక్కడ, దాళ్వా ఎక్కడ, ఊరూరా ఆయన విగ్రహాలెక్కడ? ఈ డెల్టా పిల్ల కంచంలో అన్నమే ఒక షరతు వాక్యం. ఆ పిల్లకి పక్షి రెక్కలు తగిలించి పాఠం చెప్పడం దేనికి?

ఇక మన ఆడవాళ్ళకి ఎవరు నేర్పాలండీ ఈ జరగని కాలం! "నువ్వే మగపిల్లాడివై ఉంటే ఇంజనీరింగు చదివించి ఉండేవాళ్ళం." ఈ వాక్యం వినకుండా పెరిగిన ఆడవాళ్ళు నా వయసు వాళ్ళల్లో ఎందరున్నారు? వీరేశలింగంగారు 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లలకి బడి పెట్టిన గడ్డ మీదే నూరేళ్ళ తర్వాతా ఈ మాట వినబడింది. హాడ్ బీన్, వుడ్ హావ్ సెంట్ అని పట్టికలో పిల్లలు రాసుకునేది మన అమ్మమ్మల, అమ్మల జీవిత చరిత్ర. ఆ తల్లి దగ్గర కూర్చుని "అమ్మా, నువ్వు చదువుకుని ఉంటే ఏమయ్యేదానివి?" అని పిల్ల అడిగితే టైప్ త్రీ పాఠం జన్మలో మరిచిపోదు. అలాంటి తల్లినా మీరు తెలుగు తగ్గించమంటున్నది?

నాకు ఇంగ్లీషంటే పడదని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు. మన పిల్లలకి ఇంగ్లీషు రావాలి, బాగా రావాలి. వేదికలెక్కి తల్లిభాష అని కన్నీళ్ళు పెట్టుకుని, కిందికి దిగి తమ పిల్లల్ని ఇంగ్లీషు బళ్ళకి కారులో దింపే పెద్దమనుషులతో నాకు పొత్తు లేదు. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన బళ్ళన్నిటినీ ఇంగ్లీషు మీడియంలోకి మార్చాలని ఉత్తర్వు తెచ్చింది. 2020 ఏప్రిల్లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. అదే ఏడాది వచ్చిన జాతీయ విద్యావిధానం, వీలైన చోటల్లా కనీసం 5వ తరగతి దాకా అమ్మభాషలో చెప్పమంది. "వీలైన చోటల్లా" అట! షరతు పెట్టడం ఢిల్లీవారికీ బాగానే వచ్చు. ఈ మీడియం యుద్ధంలో ఎవరు నెగ్గినా, ఇంగ్లీషు పాఠం ఎలా చెప్పాలన్న ప్రశ్న మాత్రం అలాగే మిగిలిపోయింది. 2020-21 నుంచి ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు ఉన్న పాఠ్యపుస్తకాలు ప్రభుత్వ బళ్ళకి వచ్చాయి. మంచిపని. లెక్కలకి ఆ వసతి ఉండగా "ఇఫ్" పాఠానికి ఎందుకుండకూడదు? ఎడమవైపు "తే", కుడివైపు "ఇఫ్". కింద రెండు ముక్కల్లో తేడా. ఒక్క పేజీ చాలు.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన విద్యా కాదు. పర్లాకిమిడిలో పంతులుగా ఉన్న గిడుగు రామమూర్తిగారు సవర పిల్లలకి చదువు చెప్పాలనుకున్నప్పుడు, మీ భాష మానండి అనలేదు. తానే సవర నేర్చుకున్నారు, సవరలో పుస్తకాలు రాశారు, బళ్ళు పెట్టారు. చివరి రోజుల్లో ఆయన రాజమండ్రికే వచ్చి ఉన్నారు. ఏటా ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేసి, మర్నాడు పిల్లలకి తెలుగు మాట్లాడితే జరిమానా వేసే బళ్ళకి సిగ్గుండాలి.

కాబట్టి తల్లులారా, ఇంట్లో తెలుగు తగ్గించకండి. మీరు కోప్పడే తెలుగు, బతిమాలే తెలుగు, బేరమాడే తెలుగు, బెంగపడే తెలుగు, అంతా పిల్ల చెవిన పడనివ్వండి. ఇంగ్లీషు దాని మీద నిలబడుతుంది, దాన్ని తొలగించిన చోట కాదు. ఈసారి బడి నుంచి పిలుపొస్తే తలొంచుకుని వెళ్ళకండి. "మా పిల్లకి ఇఫ్ రాలేదన్నారు. తే ఎలా చెప్పారో ముందు చూపించండి" అని అడగండి. ఒక్కరు అడిగితే నవ్వుతారు. పదిమంది అడిగితే నోటీసుబోర్డు మీద ఏదో రాస్తారు. తల్లులందరూ అడిగితే పాఠం మారుతుంది.